మణికట్టు మీది గడియారం మన మాట నేర్చేదెప్పుడు?

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగానికి వ్రాతరూపం)

 

కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "మాస్టారూ, ఏటా చదువు గురించి, ఐకమత్యం గురించే చెప్పుకుంటున్నాం. ఈసారి కొత్త సంగతి ఏదైనా చెప్పండి" అన్నారు. మేము ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు లెక్కలూ సామాన్యశాస్త్రమూ చెప్పుకునేవాళ్ళం. యంత్రాలు చేసే ఇంజనీర్లం కాము. అయినా ఈరోజు ఒక గడియారం గురించి మాట్లాడదామని వచ్చాం. ఎందుకంటే ఆ గడియారం మా ఇంట్లో ఒక ప్రాణం మీదికి తెచ్చింది. తప్పు గడియారానిదా, మాదా అన్నది మీరే తేల్చండి.

మా ఖాలాజాన్‌కు అరవై దాటాయి. ఇరవై ఏళ్ళుగా షుగర్. ఆమె కొడుకు ఇంగ్లండులో ఉద్యోగం. రెండేళ్ళ కిందట రంజాన్‌కు ముందు వచ్చినప్పుడు తల్లికి రెండు వస్తువులు తెచ్చాడు. ఒకటి మణికట్టుకు కట్టుకునే కొత్తరకం గడియారం. రెండోది చేతి పైభాగాన అంటించే బొత్తామంత బిళ్ళ. ఆ బిళ్ళకింద వెంట్రుకలాంటి తీగ చర్మంలోకి దిగి ఉంటుంది. చర్మం కింది నీటిలోని చక్కెరను అది కొన్ని నిమిషాలకొకసారి కొలిచి ఫోనుకు పంపిస్తుంది, ఫోను గడియారానికి పంపిస్తుంది. వేలు గుచ్చుకునే బాధ తగ్గుతుంది. కొడుకు అన్నీ అమర్చి, వెళ్ళేముందు మాతో, "భాయ్, సెట్టింగులు ఒక్కసారి చూసిపెట్టండి" అన్నాడు. "చూద్దాంలే" అన్నాం. చూడలేదు.

ఆ రంజాన్‌లో ఒకనాడు అసర్ నమాజు అయిన కాసేపటికి ఖాలాజాన్ మణికట్టు మీద గడియారం గుర్రుమని కదిలింది. దాని మీద 3.4 అనే అంకె, కిందికి చూస్తున్న బాణం గుర్తు, రెండు ఇంగ్లీషు మాటలు. ఆమెకు ఖురాన్ చదవడం వచ్చు, ఉర్దూ పత్రిక చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. ఇఫ్తార్ దగ్గరపడిందని గడియారం గుర్తుచేస్తోందేమో అనుకున్నది. ఎనిమిదో తరగతి చదివే మనవడిని పిలిచింది. వాడు నానీ షుగర్ చీటీలు చూసినవాడే. ఆ చీటీల మీద ఎప్పుడూ 140, 160, 210 అని మూడంకెలుంటాయి. ఈ 3.4 చూసి "మిషను పాడైంది నానీ" అని గడియారం విప్పి ఛార్జింగులో పెట్టాడు. తరువాత పావుగంటకు ఆమెకు చెమటలు పట్టి, చేతులు వణికి, ఖర్జూరాల పళ్ళెంతో సహా వంటింటి గుమ్మంలో పడిపోయింది. పక్కింటి అమ్మగారు తాను కూడా షుగర్ ఉన్నమనిషి కాబట్టి చల్లటి చెమట చూడగానే గ్రహించి పంచదార నీళ్ళు తాగించింది. అల్హమ్దులిల్లాహ్, మనిషి దక్కింది.

ఇంగ్లండులో రక్తంలో చక్కెరను కొలిచే లెక్క వేరు. అక్కడి అంకెను 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. 3.4ను 18తో గుణిస్తే 61. డెబ్బైకి తక్కువైతే రోజా వెంటనే విప్పాలని షుగర్ వైద్యులు అంతర్జాతీయంగా సలహా ఇస్తున్నారు. ఏళ్ళ తరబడి పిల్లలకు లెక్కలు చెబుతున్న మేము ఆ ఒక్క గుణకారం ఆ సాయంత్రం దవాఖానా బెంచీ మీద కూర్చుని చేశాం.

గడియారం దాని పని అది చేసింది. సరైన సమయానికి సరైన అంకె చూపించింది. కానీ అది మాట్లాడింది ఎవరితో? ఇంగ్లండులో ఉన్న ఒక ఇంగ్లీషు మనిషితో. అది కట్టుకున్నది మాత్రం మా ఖాలాజాన్. ఇదీ ఈరోజు మేము చెప్పదలచుకున్న సంగతి.

మాట మార్చడం వేరు, మనిషికి అమర్చడం వేరు

ఇప్పుడు మనలో చాలామంది చేతులకు ఇలాంటి గడియారాలు కనిపిస్తున్నాయి. పెళ్ళిళ్ళలో అల్లుళ్ళకు పెడుతున్నారు. అడుగులు లెక్కిస్తాయి, గుండె కొట్టుకోవడం లెక్కిస్తాయి, నిద్ర లెక్కిస్తాయి. వీటిలో పనిచేసే యాప్‌లను ఒక భాషవారికి, ఒక ఆచారం ఉన్నవారికి అనువుగా మార్చడం ఒక పెద్ద విద్య. అందులో రెండు మెట్లున్నాయి.

మొదటి మెట్టు యంత్రం తయారుచేసేటప్పుడే ఎక్కాలి. ఇల్లు కట్టే మేస్త్రీ రేపు కిటికీ కావాలంటారని గోడలో ముందే చోటు వదులుతాడు చూడండి, అలాగ. యాప్‌లోని మాటలన్నీ యంత్రపు లెక్కలతో కలిపేయకుండా వేరే పట్టీలో ఉంచాలి. తేదీ ఎలా రాయాలి, అంకె ఎలా రాయాలి, రాత ఎటునుంచి ఎటు పోవాలి అన్నది మార్చుకునే వీలుండాలి. రెండో మెట్టు, ఆ వదిలిన చోట్లలో ఒక్కో దేశం మాటలు, ఒక్కో జాతి అలవాట్లు అమర్చడం. చాలామంది రెండో మెట్టు అంటే తర్జుమా అనుకుంటారు. తర్జుమా అందులో నాలుగో వంతు కూడా కాదు.

ఒక చిన్న ఉదాహరణ. ఇంగ్లీషులో నడకకు ఒక మాట, కొలతకు ఒక మాట. మనకు తెలుగులో నడిచేదీ అడుగే, గుడ్డ కొలిచేదీ అడుగే. "మీరు 4,000 అడుగులు" అని మాత్రమే రాసి ఊరుకుంటే దూరమా, నడకా? "4,000 అడుగులు వేశారు" అని వాక్యం పూర్తిచేస్తేనే తెలుస్తుంది. ఇంగ్లీషు వాక్యాన్ని ముక్కలు చేసి, మధ్యలో అంకె తగిలించి అతికితే తెలుగు వాక్యం కాదు. మనకు క్రియ చివర రావాలి. ఉర్దూలో ఇంకో చిక్కు. మగవారితో "ఆప్ చలే" అనాలి, ఆడవారితో "ఆప్ చలీఁ" అనాలి. గడియారం మా ఖాలాజాన్‌ను మగవాడిని చేసి మాట్లాడితే ఆమె నవ్వుతుందేగాని నమ్మదు.

పలకరింపు సంగతి చెప్పనే అక్కరలేదు. కూర్చుని గంటయితే లేచి నిలబడమని గడియారం గుర్తుచేస్తుంది, మంచిదే. దాన్ని "నిలబడు!" అని తర్జుమా చేస్తే అది మా క్లాసులో హోంవర్కు చేయనివాడితో మేమనే మాట. డెబ్బై ఏళ్ళ పెద్దాయనతో "కాస్త లేచి నాలుగడుగులు వేయండి" అనాలి. ఉర్దూలో తూ, తుమ్, ఆప్ మూడున్నాయి. తెలుగులో నువ్వు, మీరు రెండున్నాయి. మర్యాద లేని సలహా మనవాళ్ళు వినరు, అది ఎంత మంచి సలహా అయినా సరే.

చిన్న తెర, పెద్ద లిపి

గడియారం తెర అగ్గిపెట్టెంత. ఇంగ్లీషు అక్షరాలు ఒకే వరసలో ఒదుగుతాయి. మన తెలుగుకు పైన గుడులు, కింద ఒత్తులు. పైనా కిందా చోటు వదలని తెర మీద ఒత్తు తెగిపోతుంది. "తగ్గింది" అన్నదాంట్లో కింది ఒత్తు తెగితే "తగింది" అవుతుంది. గుండె వేగం విషయంలో ఆ రెండు మాటలకూ ఎంత తేడా!

ఉర్దూ నస్తాలీఖ్ రాత ఇంకా కష్టం. మాట కుడివైపు పైనుంచి మొదలై ఎడమవైపుకు జారుతూ దిగుతుంది. కాబట్టి ఎత్తు ఎక్కువ కావాలి. చుక్క ఒక్కటి పోతే అర్థమే మారుతుంది. "మహ్రమ్" అన్న మాటకు ఒక చుక్క కలిస్తే "ముజ్రిమ్", అంటే నేరస్థుడు. రాత కుడినుంచి ఎడమకు పోతుంది, మధ్యలో వచ్చే అంకెలు మాత్రం ఎడమనుంచి కుడికే చదవాలి. ఈ కష్టం వల్లనే ఉర్దూ పత్రికలు చాలాకాలం కాతిబుల చేతిరాతతోనే అచ్చయ్యాయి. 1981లో మిర్జా అహ్మద్ జమీల్ వేలకొద్దీ కూటాక్షరాలు స్వయంగా రాసి నూరీ నస్తాలీఖ్ తయారుచేశాకే యంత్రం మీద ఉర్దూ అందంగా కూర్చడం సాధ్యమైంది. ఆపిల్ ఫోన్లలో నస్తాలీఖ్ సహజమైన రాతగా వచ్చింది 2017లో. అంటే ముప్ఫై ఆరేళ్ళు. రేపు గడియారంలో కూడా వస్తుంది, కానీ అడిగేవారుంటేనే వస్తుంది.

తెలుగు సంగతి ఒకటి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరాన్ని మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టి సందేశంగా పంపితే ఆపిల్ ఫోన్లలోని యాప్‌లు కుప్పకూలాయి, గడియారాలకూ ఆ జబ్బు తగిలింది. ఆ నెల 19న కంపెనీవారు మరమ్మతు విడుదల చేశారు. లోకమంతా నవ్వుకున్నది. మాకు మాత్రం ఒక సంగతి తోచింది. జ్ఞానం అన్న మాటలోని మొదటి అక్షరం, కోట్ల మంది రాసే లిపి. దాన్ని రాయగల విధాలన్నీ ముందే పరీక్షించి ఉంటే ఆ మరమ్మతు అవసరమే పడేది కాదు. పరీక్షించేవారి గదిలో మన భాషవాడు లేకపోతే ఇలాగే జరుగుతుంది.

మన రోజు ఎప్పుడు మొదలవుతుంది?

భాష తరువాత కాలం. ఈ గడియారాలకు రోజు అర్ధరాత్రి పన్నెండుకు మొదలవుతుంది. హిజ్రీ లెక్కలో రోజు మగ్రిబ్‌తో మొదలవుతుంది. చాంద్రమాన సంవత్సరం 354 రోజులు కాబట్టి రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. సౌదీవారి ఉమ్ముల్ ఖురా కేలండరు గణితం మీద నడుస్తుంది. మనం నెలవంక చూసి నెల మొదలుపెడతాం. అందుకని గడియారంలో హిజ్రీ తేదీ మనకన్నా ఒకరోజు ముందుండడం తరచు చూస్తాం. మంచి యాప్‌లో ఆ ఒక్కరోజు వెనక్కి జరుపుకునే వీలుంటుంది. దాన్ని వెతికి జరుపుకోవాలి.

నమాజు వేళలు సూర్యుడి స్థానాన్ని బట్టి లెక్కకట్టేవి. ఫజర్‌కు సూర్యుడు క్షితిజం కింద ఎన్ని డిగ్రీలున్నాడు అన్నది ప్రశ్న. కరాచీ పద్ధతిలో 18 డిగ్రీలు. ఉత్తర అమెరికా పద్ధతిలో 15 డిగ్రీలు. ఆ మూడు డిగ్రీలకు మన ప్రాంతంలో 12, 13 నిమిషాల తేడా వస్తుంది. అమెరికా పద్ధతి పెట్టి ఉన్న గడియారాన్ని నమ్మి సహరీ తింటూ కూర్చుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కరలేదు. అసర్ విషయంలో హనఫీలకు నీడ రెండింతలు కావాలి, షాఫయీలకు ఒక ఇంత చాలు. మనలో హనఫీలు ఎక్కువ. హైదరాబాదు బార్కస్‌లో అరబ్బు సంతతివారు షాఫయీలు. ఒకే నగరంలో రెండు పేటలకు అసర్ వేళ గంట అటూ ఇటూగా మారుతుంది. కాబట్టి ముస్లిములందరికీ ఒకే అమరిక సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే.

ఊరు కూడా ముఖ్యం. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు. మన గుంటూరు హైదరాబాదుకు సుమారు రెండు డిగ్రీలు తూర్పున ఉంది. అంటే ఇక్కడ సూర్యుడు ఎనిమిది నిమిషాలు ముందు అస్తమిస్తాడు. అనంతపురానికీ శ్రీకాకుళానికీ పాతిక నిమిషాల తేడా. గుంటూరు వేళ పెట్టుకుని హైదరాబాదు వెళ్ళినవాడు ఇఫ్తార్ చేస్తే ఆ రోజు రోజా పోయినట్లే. ఫోనులో ఒక ఊరు, గడియారంలో ఒక ఊరు ఉంటున్న ఇళ్ళు మేము చూశాం.

రంజాన్‌లో ఈ గడియారాలు చేసే ఇంకో పని, మధ్యాహ్నం రెండింటికి "నీళ్ళు తాగండి" అనడం. రాత్రి తరావీహ్ నమాజుకు నిలబడినవాడిని "ఈరోజు మీరు బద్ధకించారు, లక్ష్యం చేరలేదు" అనడం. 2024లో ఆపిల్‌వారు తమ గడియారంలో లక్ష్యాన్ని కొన్నాళ్ళు ఆపి ఉంచుకునే వీలు కల్పించారు. జ్వరం వచ్చినవారికీ, ప్రయాణంలో ఉన్నవారికీ, రోజాదారులకూ అది పనికొస్తుంది. ఒక మతం కోసమని పెట్టకపోయినా అందరికీ ఉపయోగపడింది. మంచి మార్పు ఇలాగే ఉంటుంది. అలాగే ఆడవారికి నమాజు మినహాయింపు ఉన్న రోజుల్లో "మీరు నమాజు తప్పారు" అని లెక్కవేసే యాప్ వారిని నొప్పించడమే. ఆ రోజులు ఎవరికీ చెప్పకుండా ఆపుకునే మీట ఉండాలి.

ఒంటి లెక్కలు

రోజుకు పదివేల అడుగులు నడవాలని చాలా గడియారాలు చెబుతాయి. ఈ పదివేలు ఏ వైద్యుడు తేల్చాడు? ఎవరూ తేల్చలేదు. 1964లో టోక్యో ఒలింపిక్స్ జరిగాక, 1965లో జపానులో "మాన్‌పోకే" అనే నడక మీటరు అమ్మకానికి వచ్చింది. ఆ పేరుకు పదివేల అడుగుల మీటరు అని అర్థం. జపానువారికి పదివేలు ఒక గుండ్రటి సంఖ్య, మనకు లక్ష ఎలాగో అలాగ. ఆ పేరులోని సంఖ్య లోకమంతటికీ ఆరోగ్యసూత్రమైపోయింది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ళున్న 16,741 మంది స్త్రీల మీద జరిగిన పరిశీలనలో 4,400 అడుగులు నడిచేవారికే మేలు కనిపించింది, సుమారు 7,500 దాటాక అదనపు మేలు కనిపించలేదు. మోకాళ్ళ నొప్పులతో నాలుగువేలు నడిచే మన పెద్దవాళ్ళను గడియారం రోజూ ఓడిపోయినట్లు చూపిస్తుంటే వారు దాన్ని విప్పి అలమారలో పెడుతున్నారు. యంత్రంలో అంకె మార్చుకోవచ్చు. మార్చుకోవచ్చని చెప్పేవారు లేరు.

గుండె వేగాన్నీ, రక్తంలో ప్రాణవాయువునూ గడియారం చర్మంలోకి వెలుతురు పంపి కొలుస్తుంది. చర్మం రంగును బట్టి వెలుతురు పీల్చుకోవడం మారుతుంది. వేలికి పెట్టే ఆసుపత్రి మీటర్లే నల్లజాతి రోగుల్లో ప్రాణవాయువు తగ్గిన సంగతిని తెల్లజాతివారికంటే సుమారు మూడింతలు ఎక్కువగా గుర్తించలేకపోయాయని 2020లో అమెరికా వైద్యులు ప్రకటించారు. పచ్చబొట్టు ఉన్నచోట గుండె కొలత సరిగా రాకపోవచ్చని గడియారాల కంపెనీలే హెచ్చరిస్తున్నాయి. మరి మన ఆడపిల్లల మణికట్టు నిండా ముదురు మెహందీ ఉన్నప్పుడు ఏమవుతుంది? పెళ్ళిళ్ళ కాలంలో మన దగ్గరకు వచ్చి పరీక్షించాల్సిన ప్రశ్న ఇది.

ఇక్కడే ఒక హెచ్చరిక. సూది గుచ్చకుండా, బిళ్ళ అంటించకుండా ఉత్త గడియారమే షుగర్ చూపిస్తుందని చౌకగా అమ్ముతున్నారు. నమ్మకండి. అలాంటి గడియారం గాని, ఉంగరం గాని తాము దేనికీ అనుమతి ఇవ్వలేదని అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించింది.

ఈ షుగర్ సంగతి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నామంటే, మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉన్నదని భారత వైద్య పరిశోధన మండలి వారి పరిశీలన 2023లో తేల్చింది. 2001లో పదమూడు దేశాల్లో జరిపిన పరిశీలనలో, పెద్దవయసులో షుగర్ వచ్చిన ముస్లిముల్లో 79 శాతం మంది కనీసం పదిహేను రోజాలు ఉంటున్నారని తెలిసింది. అంటే ఇది ఒక్క మా ఖాలాజాన్ కథ కాదు. ఈ హాలులో కూర్చున్నవారి ఇళ్ళలోనే ఎన్నో ఉంటాయి.

నమ్మకం లేనిదే ఏ అమరికా నిలవదు

మన అలవాట్లు తెలిసిన యాప్ అంటే మన రహస్యాలు తెలిసిన యాప్ అని కూడా అర్థం. ఎప్పుడు మసీదుకు వెళ్ళామో, ఏ ఊళ్ళో ఉన్నామో దానికి తెలుసు. నమాజు వేళలు చెప్పే ముస్లిం ప్రో అనే యాప్ నుంచి వాడుకరులు ఉన్న చోటి వివరాలు ఒక డేటా కంపెనీకి వెళ్ళాయని, ఆ కంపెనీ అమెరికా సైనిక కాంట్రాక్టర్లకు వివరాలు అమ్మేదని 2020 నవంబరులో పత్రికలు బయటపెట్టాయి. ఆ వెంటనే యాప్‌వారు ఆ కంపెనీతో సంబంధం తెంచుకున్నారు. మన దేశంలో 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. చట్టం ఉన్నా మన జాగ్రత్త మనది. ఏ యాప్ ఏ అనుమతి అడుగుతోందో చదవకుండా "సరే" నొక్కకూడదు. చదవడానికి అది మన భాషలో ఉండాలి కదా! తిరిగి తిరిగి అక్కడికే వస్తున్నాం.

ఇది మనకు కొత్త కాదు

"కంపెనీలు మనకోసం ఇదంతా చేస్తాయా మాస్టారూ?" అని అడుగుతారు. చరిత్ర చూడండి. పద్దెనిమిదో శతాబ్దంలో లండను గడియారాల మేస్త్రీలు తుర్కీ సుల్తానుల రాజ్యంలో అమ్మడానికి ముఖఫలకం మీద తుర్కీ అంకెలు వేసి మరీ గడియారాలు చేశారు. అక్కడ సూర్యాస్తమయానికి పన్నెండు గంటలు. రోజూ సాయంత్రం గడియారం సరిచేసుకునేవారు. తుర్కీలో ఆ పద్ధతి 1926 దాకా నడిచింది. కొనేవాడు అడిగాడు, అమ్మేవాడు చేశాడు. అంతకు చాలా ముందే, 1371లో, దమస్కసు పెద్ద మసీదులో నమాజు వేళలు చూసే ఇబ్నుల్ షాతిర్ అనే ఖగోళ పండితుడు మీనారు మీద ఒక పెద్ద నీడగడియారం అమర్చాడు. అప్పుడు యంత్రం చేసినవాడూ మనవాడే, వాడుకున్నవాడూ మనవాడే.

మన హైదరాబాదునే తీసుకోండి. 1917లో దారుల్ తర్జుమా పెట్టి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నెలకొల్పి, వైద్యం నుంచి ఇంజనీరింగు దాకా ఉర్దూలో చెప్పారు. ఒక్కో శాస్త్రపదానికి మాట కుదర్చడానికి పండితులు కూర్చుని వాదించుకునేవారు. వారు కుదిర్చినవాటిలో కొన్ని నోటికి పట్టాయి, కొన్ని బరువై పుస్తకాల్లోనే ఉండిపోయాయి. మనకు అందులో పాఠముంది. "నబ్జ్" అంటే మన ముసలమ్మకు తెలుస్తుంది, "నాడి" అంటే పక్కింటి అమ్మగారికి తెలుస్తుంది. ఆ మాటలుండగా కొత్త మాట పుట్టించక్కరలేదు. "షుగర్" అన్నది ఇప్పుడు అందరి మాటా అయింది. దాన్ని అలాగే ఉంచాలి. మాట గొప్పగా ఉండక్కరలేదు, తెలిస్తే చాలు.

తెలంగాణలో 2017లో, మన ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు. బోర్డు మీద ఉర్దూ చూసి సంతోషించాం. బోర్డు మీద ఉన్న ఉర్దూ కంటే, ఆపదలో మణికట్టు మీద కనిపించే ఉర్దూ వంద రెట్లు అవసరమని మా మనవి.

మనం చేయగలిగింది

ఊరికే ఫిర్యాదు చేసి దిగిపోతే మాస్టారు కూడా ఇంతే అంటారు. అందుకని సంఘం ముందు నాలుగు పనులు పెడుతున్నాం.

మొదటిది. రంజాన్‌కు నెల ముందు ఒక ఆదివారం మన హాలులో గడియారాలూ ఫోన్లూ ఉన్న పెద్దవాళ్ళను పిలుద్దాం. పై తరగతి పిల్లలు ఒక్కొక్కరి దగ్గర కూర్చుని ఆరు సంగతులు చూడాలి: షుగర్ ఏ లెక్కలో చూపిస్తోంది, ఏ ఊరు పెట్టి ఉంది, ఫజర్, అసర్ ఏ పద్ధతిలో ఉన్నాయి, హిజ్రీ తేదీ సరిగా ఉందా, ఆపదలో ఎవరికి ఫోను వెళుతుంది, మనకు తెలిసిన భాష అందులో ఉందా. షుగర్ ఉన్నవారు రోజాల సంగతి ఆ నెలలోనే వైద్యుడిని అడగాలి. గడియారం వైద్యుడు కాదు.

రెండోది. యాభై మాటల పట్టీ ఒకటి తెలుగులో, ఉర్దూలో తయారుచేద్దాం. షుగర్ పడిపోతోంది, వెంటనే తీపి తీసుకోండి, గుండె వేగం ఎక్కువగా ఉంది, ఇలాంటివి. ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక డాక్టరు, బడికి వెళ్ళని ఇద్దరు ముసలమ్మలు ఆ కమిటీలో ఉండాలి. ముసలమ్మలకు అర్థం కాని మాటను కొట్టేయాలి. ఆ పట్టీని యాప్‌లు చేసే కంపెనీలకు సంఘం పేరుమీద పంపుదాం. దేశదేశాల తేదీలు, నెలల పేర్లు, అంకెల రాతలు చేర్చిన భాండాగారం ఒకటి యూనికోడ్‌వారు నడుపుతున్నారు. తెలుగు, ఉర్దూ అందులో ఉన్నాయి. తప్పులుంటే చెప్పే దారి కూడా ఉంది.

మూడోది. గొంతు ఇవ్వడం. చదవలేనివారికి గడియారం మాట్లాడాలి, వారి మాట వినాలి. మన ఇళ్ళలో మాట్లాడేది పుస్తకాల ఉర్దూ కాదు, "నక్కో", "హౌ" అనే దక్కనీ. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన భాషిణి అనే పథకంలో ప్రజలు తమ గొంతును భాషాదానంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. తెలుగు, ఉర్దూ రెండూ అందులో ఉన్నాయి. రక్తదాన శిబిరం పెట్టినట్లే ఒకరోజు భాషాదాన శిబిరం పెడదాం.

నాలుగోది మన చదువుకున్న పిల్లలకు. మీలో చాలామంది హైదరాబాదులోనూ, బెంగుళూరులోనూ సాఫ్టువేరు కంపెనీల్లో ఉన్నారు. పరీక్షించేవారి గదిలో మనవాడు లేడని ఇందాక చెప్పాం. మీరే ఆ మనవాళ్ళు. ఒక యాప్ బయటికి వెళ్ళేముందు "మా నానీకి చూపించారా?" అని ఒక్క ప్రశ్న అడగండి. తెలుగు నానమ్మకూ, తమిళ పాటీకీ కూడా ఆ ప్రశ్న మేలే చేస్తుంది.

చివరగా మా ఖాలాజాన్ సంగతి చెప్పి ముగిస్తాం. ఇప్పుడు ఆమె గడియారంలో లెక్క మారింది, మూడంకెలే కనిపిస్తాయి. ఇంగ్లీషు మాటలు ఇంకా ఇంగ్లీషులోనే ఉన్నాయి. మనవడు ఒక అట్టముక్క మీద ఉర్దూలో రాసిపెట్టాడు: 70కి తక్కువైతే రోజా విప్పాలి, పంచదార నీళ్ళు తాగాలి, మమ్మల్ని పిలవాలి. ఆమె దాన్ని పంజ్‌సూరాలో పెట్టుకున్నది. రోగులకు రోజా విషయంలో సడలింపు ఉన్నదని సూరె బఖరాలోనే ఉన్నా, మొన్నటి రంజాన్‌లో డాక్టరుగారు వద్దన్నప్పుడు ఆమె ఏడ్చింది. తరువాత ఫిద్యా ఇచ్చింది. గడియారం మోగినప్పుడల్లా ఆ అట్ట తీసి చూసుకుంటుంది.

ఆ అట్టముక్క మీద ఎనిమిదో తరగతి పిల్లవాడు చేసిన పని గడియారం చేసిన పెద్ద కంపెనీ చేయాలి. అది చేసేదాకా మన పిల్లలే చేయాలి. చేసేలా చూడడం మన బాధ్యత. "చూద్దాంలే" అనే మాట మాత్రం మేము మానేశాం. మీరూ మానేయండి.